ఒక నూలు తేడా

"స్లేటు బోర్డాండీ? ఎన్ని అడుగులు?" అన్నాను టేపు తీస్తూ.

"రెండున్నర అడుగులు చాలు," అందావిడ.

"మరీ చిన్నది గదండీ! వెనక బెంచీ వాళ్ళకి కనపడొద్దూ? సర్లెండి, నలుపా, ఆకుపచ్చా?"

"రంగు పిల్లలు వేసుకుంటారు. చక్రాలు ఎట్టా బిగించాలో, అదే తెలియటం లేదు."

"స్టాండుకా?"

"బోర్డుకేనండీ. కింద నాలుగు."

"బోర్డుకి చక్రాలేందండీ? మీరు పాఠం చెబుతుంటే అది పారిపోదూ?"

ఆవిడ వెనకాల నిలబడ్డ పదిమంది ఎనిమిదో తరగతి పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పెదవి బిగబట్టి ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. ఎవరో కుర్రాడు చెక్క మీద నిలబడి రోడ్డు మీద జారుకుంటూ పోతున్నాడు.

"స్లేటు కాదు, స్కేట్. స్కేట్‌బోర్డు," అంది. అప్పుడు ఇక ఆగలేక తనూ నవ్వేసింది. ఆ నవ్వు చూశాక టేపు ఎక్కడ పెట్టానో మళ్ళీ సాయంత్రం దాకా దొరకలేదు నాకు.

నా పేరు మీరావలి. మార్టూరులో ఊరంతా గ్రానైటు రాయి సానబడుతుంటే నేనొక్కణ్ణే ఆ ఫ్యాక్టరీల మధ్య కూర్చుని చెక్క చిత్రిక పడుతుంటాను. నాకు పొగరని ఊళ్ళో పేరు. ఉంది మరి. నేను బిగించిన తలుపు ఎంత ముసురు పట్టినా బిగుసుకోదు. అయినా రెండు పెళ్ళి సంబంధాలు "చెక్కపని వాడా?" అంటూ వెనక్కి పోయాయి. రెండో సంబంధం వాళ్ళు ఆ మాట అన్నది నేను చేసిన కుర్చీల్లో కూర్చునే. ఆ రోజు నుంచీ ఒక్కటే పట్టుదల. చదువుకున్న మనిషొకరు నా పనిని పని అనాలి, నలుగురి ముందూ అనాలి.

ఆవిడ పేరు హీనా. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. జిల్లా సైన్సు ప్రదర్శనకి ఏదైనా చేద్దామంటే పిల్లలు స్కేట్‌బోర్డు అన్నారట. హెడ్మాస్టరు నతానియేలు గారు, "ఎందుకమ్మా శ్రమ, ఆన్‌లైన్లో ఒకటి కొని రంగు మార్చేద్దాం," అన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు.

"నేను చేసిపెడతానండీ. రెండు రోజులు చాలు," అన్నాను ఛాతీ విరుచుకుని.

"వద్దు. మీరు చెయ్యకూడదు. చెప్పాలి. రంపం, ఉలి పిల్లల చేతుల్లోనే ఉండాలి."

"మరి నేనేం చెయ్యాలి?"

"చేతులు కట్టుకుని చూడాలి."

పనివాడికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో మా అమ్మ అడిగితే, "పిల్లల కోసమే," అన్నాను. మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి వంటింట్లోకి పోయింది.

రోజూ బడి వదలగానే వాళ్ళు నా కొట్టుకి వచ్చేవాళ్ళు. కాగితం మీద బొమ్మ గీశారు, కొలతలు వేశారు, పలచటి ప్లైవుడ్ ముక్కలు ఆరు కోశారు. ఒకడు రంపం వంకరగా లాగుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. వెంటనే పదిమందీ, "మీరావలన్నా, చేతులు!" అని అరిచేవాళ్ళు. హీనా టీచరు పుస్తకంలోంచి తలెత్తకుండానే నవ్వేది. ఆ నవ్వు కోసం నేను అప్పుడప్పుడూ కావాలనే చెయ్యి చాపేవాణ్ణి.

ఆరు ముక్కలకీ జిగురు రాసి, చివర్లు పైకి లేచిన అచ్చులో పెట్టి, పైన బరువు ఎత్తాలి. ఇక్కడ మాత్రం నా మాటే నెగ్గాలనుకున్నాను.

"మార్టూరులో ఉండి బరువుకి వెతుక్కుంటామా?" అని పక్క ఫ్యాక్టరీ నుంచి గ్రానైటు పలక ఒకటి నలుగురితో మోయించాను. పలక రెండు చివరలా ఆనింది. మధ్యలో నా అరచెయ్యి దూరేంత సందు మిగిలింది.

శ్రీరమ్య అనే పిల్ల, ఆ జట్టుకి లీడరు, మెల్లగా అంది: "అన్నా, రాయి వంగదు కదా. మా ఇంట్లో మిర్చి టిక్కీలు, నిండు బస్తాలు, ఉన్నాయి. అవైతే ఎటు పల్లం ఉంటే అటు సర్దుకుని కూర్చుంటాయి."

హీనా టీచరు కనుబొమలు ఎత్తింది. "ఏమంటారు మేస్త్రీ గారూ?"

"నేనూ అదే అనబోతున్నాను," అన్నాను.

"అవునవును. రాయి మోయించేటప్పుడే అర్థమైంది," అందావిడ.

ట్రాక్టరు మీద మూడు మిర్చి బస్తాలు వచ్చాయి. అచ్చు మీదకి ఎత్తగానే కొట్టంతా ఘాటు. పదిమంది పిల్లలూ, టీచరూ, నేనూ, చూడ్డానికి వచ్చిన నతానియేలు గారూ వరసగా తుమ్ములు. తుమ్మీ తుమ్మీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎర్రబడి, "మీ గ్రానైటే నయమేమో!" అందావిడ. అంత ఎర్రటి ముక్కుతో కూడా ఇంత అందంగా ఎలా ఉందబ్బా అనుకుని, నేను ఇంకోసారి తుమ్మాను.

మర్నాడు బస్తాలు దించితే చెక్క రెండు చివరలా పడవలాగా లేచి ఉంది. గోనె అల్లిక అచ్చు పైపొర మీద పడింది. నేను వేలు కూడా పెట్టని పనికి నాకు అంత గర్వం ఎందుకు వచ్చిందో తెలియదు. వచ్చే పోయే వాళ్ళందరినీ పిలిచి చూపించాను.

ఫ్యాక్టరీలో పారేసిన ట్రాలీల బుల్లి చక్రాలు దొరికాయి. ఇక ఇరుసులు బిగించటమే మిగిలింది. తప్పు అక్కడే జరిగింది.

"ముందు ఇరుసుకి అంచు గీత నుంచి ఒక నూలు వదిలి కన్నం పెట్టండి," అన్నాను. మా వడ్రంగుల లెక్కలో నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చిన్నప్పట్నుంచీ ఆ మాటే వాడి వాడి, అది వేరేవాళ్ళకి తెలియకపోవచ్చని నాకు తట్టనే లేదు.

ఎడమ పక్క యలమంద అనే కుర్రాడు నన్నడిగి టేపు మీద చూసుకుని పెట్టాడు. కుడి పక్క శ్రీరమ్య నన్ను అడగలేదు. చున్నీ అంచు నుంచి ఒక దారం లాగి, గీత పక్కన పరిచి, సరిగ్గా ఆ దారం మందమే వదిలి కన్నం పెట్టింది. మిర్చితో పాటు పత్తీ పండించే వాళ్ళ పిల్ల. నూలు అంటే దారం కాక ఇంకేముంది?

బోర్డు నేల మీద పెట్టి తోస్తే ఎడమకి తిరిగి పోయి నా చిత్రిక బల్లని గుద్దుకుంది. ముందు ఇరుసు వంకర.

"ఏంది శ్రీరమ్యా ఇది? చెవులు ఎక్కడ పెట్టుకున్నావు?" అని గట్టిగా అరిచాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని దారం చూపించింది.

హీనా టీచరు ఆ దారాన్ని చేతిలోకి తీసుకుంది. "మీ భాష మీకొక్కరికే తెలిస్తే, అది పిల్ల తప్పు ఎట్టా అవుద్దండీ?"

కన్నం పూడ్చి మళ్ళీ వేస్తే అంత పలచటి చెక్క చీలిపోతుంది. ప్రదర్శనకి మూడు రోజులే ఉన్నాయి.

ఆ మూడు రోజుల్లో నేనొక పని చేశాను. నా చేతులతో ఇంకో బోర్డు తయారు చేశాను. అదే సైజు, అలాంటి చక్రాలే, ఇరుసు మాత్రం వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. నా మాట వల్ల చెడిన పనిని నేనే దిద్దాననుకున్నాను. ఆవిడ చూసి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను, దాచటం దేనికి. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం బడికి పట్టుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"బాణంలాగా పోద్దండీ. మార్చేయండి. ఎవరికీ తెలీదు."

ఆవిడ దాన్ని తిరగేసి ఇరుసు మీద వేలు రాసి చూసింది.

"నాకు తెలుస్తుంది," అంది. "నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఇట్టాంటి ప్రదర్శనకే మా మావయ్య చేసిచ్చిన పంపుసెట్టు నమూనా పట్టుకెళ్ళాను. ఫస్టు ప్రైజు. తర్వాత అది ఎట్టా పనిచేస్తుందో ఎవరో అడిగితే చెప్పలేక ఏడ్చాను. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ ఇంట్లో బయటపెట్టను. నా పిల్లలకి అట్టాంటిది ఒక్కటి కూడా ఉండకూడదు మీరావలి గారూ."

"మరి వంకర బోర్డు తీసుకెళ్తే నవ్వరా?"

"నవ్వనివ్వండి. మీరు ఎంత బాగా చేస్తారో నాకు తెలుసు. మా పిల్లలు ఎంత బాగా చెయ్యగలరో మీకే ఇంకా తెలియలేదు."

బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేశాను. కోపం వచ్చింది, అవమానంగా ఉంది. కానీ ఇంటికి చేరేలోపు నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. ఈవిణ్ణి కాకపోతే నేను ఇంకెవర్నీ చేసుకోలేను.

పిలవకపోయినా మర్నాడు ప్రదర్శన జరిగే బాపట్ల వెళ్ళాను. హాల్లో పిల్లల బల్ల వెనకాల, గోడకి ఆనుకుని నిలబడ్డాను. హీనా టీచరు చూసింది గానీ ఏమీ అనలేదు. ఆవిడ పక్కన ఒక పెద్దావిడ ఉంది, ఎవరో నాకు తెలియదు.

జడ్జిగా వచ్చిన పెద్దమనిషి బోర్డుని అటూ ఇటూ తిప్పి, వంపు మీద చెయ్యి రాసి చూశాడు. "ఇంత నీటైన పని పిల్లలు చేశారంటే నమ్మమంటారా?" అంటూ తలెత్తి నన్నూ, నా చెవి వెనకున్న పెన్సిల్నీ చూశాడు. "మీరు వడ్రంగిలా ఉన్నారే. నిజం చెప్పండి, ఇది మీ చేతి పనే కదా?"

అంత చదువుకున్న మనిషి నలుగురి ముందూ నీటైన పని అన్నాడు. జన్మలో నేను వినాలనుకున్న మాట అది. ఒక్క తల ఊపితే అది నాదైపోయేది.

"కాదండీ," అన్నాను. "నేను చేసుంటే తిన్నగా పోయేది."

ఆయనకి అర్థం కాలేదు. శ్రీరమ్య బోర్డు నేల మీద పెట్టి, ఎక్కి, ఒక్క తోపు తోసింది. బోర్డు సాఫీగా జారి ఎడమకి తిరిగి ఆయన కాళ్ళ మీదకే పోయింది. ఆయన గబుక్కున పక్కకి గెంతాడు. హాలంతా నవ్వులు.

శ్రీరమ్య మాత్రం బెదరలేదు. గోడకి అంటించిన చార్టు చూపించింది. ఒక పక్క దారం ముక్క, ఇంకో పక్క అంగుళంలో ఎనిమిదో వంతు గీత. "సార్, రెండిటినీ మా దగ్గర నూలు అనే అంటారు. ఒకే మాటకి రెండు కొలతలు ఉంటే ఇరుసు వంకర పోద్ది. అందుకే అందరికీ ఒకటే కొలత ఉండాలి. ఈ వంకరకి బోర్డు ఎంత దూరంలో ఎంత తిరుగుద్దో పదిసార్లు తోసి కొలిచాం. కుడికి ఎంత ఒరిగితే తిన్నగా పోద్దో కూడా కనిపెట్టాం." మళ్ళీ ఎక్కి, కాస్త కుడికి ఒరిగి, హాలు ఆ చివరి దాకా తిన్నగా పోయి చూపించింది.

ఆ మాటలు ఆ పిల్లవే. ఆ కొలతలు వాళ్ళవే. నేను నా కొట్లో బోర్డు చేసుకుంటుంటే వాళ్ళు బడి వరండాలో చేసిన పని ఇది. నా చేత్తో చేసిన ఏ తలుపు చూసీ నేను అంత గర్వపడలేదు.

సాయంత్రం మైకులో పేర్లు పిలిచారు. మొదటి బహుమతి వాళ్ళదే. "గైడు టీచరు, హీనా గారు," అన్నారు. తర్వాత, "పని నేర్పిన గురువు, వడ్రంగి మేస్త్రీ మీరావలి గారు, వేదిక మీదకి రావాలి," అన్నారు.

నేను కదల్లేదు. పిల్లలే తోసుకుంటూ తీసుకెళ్ళారు. పదో తరగతి తప్పినవాణ్ణి, ఏ బడి వేదికా ఎక్కినవాణ్ణి కాదు. చప్పట్లు కొడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దిగి వచ్చాక ఇక ఆగలేకపోయాను. "హీనా గారూ, మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుందామని ఉంది. కోపం వస్తే ఇక్కడే తిట్టేయండి."

ఆవిడ తల వంచుకుంది. జవాబు మాత్రం వెనక నుంచి వచ్చింది, పొద్దున ఆవిడ పక్కన చూసిన పెద్దావిడ దగ్గర్నుంచి.

"ఏం బాబూ, మీరావలివి నువ్వేనా? నేను దీని తల్లిని, నసీమున్నీసా. రెండు నెలల నుంచీ ఇంటికొచ్చి రోజూ నిన్నే తిడతా ఉంది. తిట్టినంతసేపూ నవ్వుద్ది. ఇదేం తిట్టడమే తల్లీ అని, మనిషిని చూద్దామని వచ్చా. ఆదివారం మీ అమ్మని తీసుకుని మా ఇంటికి రా."

"అమ్మా!" అంది హీనా, చెవులదాకా ఎర్రబడి.

"నేను చేసేది చెక్కపని అండీ," అన్నాను. ముందే చెప్పటం మంచిదనిపించింది.

"మైకులో వినపళ్ళేదనుకున్నావా?" అని పెద్దావిడ పిల్లల వైపు వెళ్ళిపోయింది.

ఇద్దరమే మిగిలాం. "మీరింకా ఏమీ చెప్పలేదు," అన్నాను.

హీనా తలెత్తి నన్ను సూటిగా చూసింది.

"ప్రదర్శన వాళ్ళకిచ్చే పేర్ల కాగితంలో గైడు టీచరుకి మాత్రమే గడి ఉందండీ. మీ పేరుకి లేదు. నేనే కింద గీత గీసి రాసిచ్చాను, వడ్రంగి మేస్త్రీ అని కూడా చదవాలి అని," అంది. "నేను చెప్పాల్సింది మైకులో చెప్పించాను కదా, ఇంకేం చెప్పను?"