కంటికి కుదిరిన కెమెరా

మనుషుల కళ్ళు చూసి లోపలి సంగతి చెప్పడంలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు. మా మనవడూ దర్జీగారి అమ్మాయీ ఒకరినొకరు ఇష్టపడుతున్నారని వాళ్ళకన్నా ముందు కనిపెట్టింది నేనే. ఆ అమ్మాయి మా కొట్టు గుమ్మం దాటిన క్షణంలోనే పసిగట్టేశాను. పైన తిరుగుతున్న ఫ్యాను కూడా ఆగి ఒకసారి ఆమెని చూసింది. నమ్మనివాళ్ళు ఫ్యానునే అడగవచ్చు.

కొట్టు మా అల్లుడిది. కెమెరాలు అమ్ముతాడు. కౌంటరు దగ్గర నిలబడేది మా మనవడు. వాడికి లెన్సుల పిచ్చి. ముందు కంచం పెడితే, తినడం మానేసి వెలుగు ఎటునుంచి పడుతోందా అని చూస్తాడు. అందుకే వాడిని లెన్సు బాబు అంటాను. నా ఉద్యోగం, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకి అడగని సలహాలివ్వడం.

"మీ దగ్గర ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్న కెమెరా చూపించండి," అంది ఆ అమ్మాయి వస్తూనే. వెనకాల మందపాటి కళ్ళద్దాలతో, మెడలో కొలత టేపుతో వాళ్ళ నాన్న.

"ఫోటోలు గోడంత పెద్దవి వేయిస్తారా?" అన్నాడు మనవడు.

"లేదు. ఫోన్లో కస్టమర్లకి పంపుతాను."

"మరి అన్ని మెగాపిక్సెల్స్ ఏం చేసుకుంటారండీ?"

"మీరు అమ్మేవాళ్ళా, కొనొద్దని చెప్పేవాళ్ళా?"

"రెండూను. మొదటిది జీతానికి, రెండోది అలవాటుగా."

ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక నీలం గుడ్డ తీసి కౌంటరు మీద పరిచింది. దాని మీద దారంతో కుట్టిన ఆకు. లేత పచ్చ, చిలకపచ్చ, ముదురు పచ్చ, ఈనెల దగ్గర కాస్త పసుపు.

"ఫోన్లో తీస్తే ఇవన్నీ కలిసి ఒకటే పచ్చ అయిపోతున్నాయి. ప్లాస్టిక్ ఆకు అతికించారా అని అడిగింది ఒకావిడ."

మనవడు గుడ్డ మీదికి వంగాడు. "ఎవరు కుట్టారు?"

"నేనే."

"చేత్తోనా?"

"కాలితో కుట్టడం ఇంకా రాలేదు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. గబగబా రెండు కెమెరాలు తీసి ముందు పెట్టాడు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ రెండూ సరిపోతాయండీ. ఏది మంచిదని నన్ను అడక్కండి. చేత్తో పట్టుకుని చూడండి. చిటికెన వేలికి చోటు దొరక్కుండా కింద వేలాడిందంటే ఆ కెమెరా మీది కాదు."

"అంటే రెడీమేడ్ కాదు, కొలతకి కుదరాలి."

"అంతే. దగ్గర్నించి తీసే లెన్సు తరవాత కొనుక్కోవచ్చు. ముందు దీంతో వచ్చే లెన్సుతో మీ చెయ్యి తిరగనివ్వండి."

"ఇలా ఇవ్వమ్మా, ముందు నేను చూస్తాను," అన్నాడు దర్జీగారు. అద్దాలు నుదుటి మీదికి తోసి, కెమెరాకి కన్ను ఆనించి, కాసేపు అటూ ఇటూ సర్దుకున్నాడు. "బ్రహ్మాండం. ఎదురు కొట్టు తాళం కప్ప మీద గీతలు కూడా కనపడుతున్నాయి."

తరవాత కూతురు అందుకుంది. చూసింది. కెమెరా దించి, లెన్సు వైపు ఓసారి చూసి, మళ్ళీ కన్ను ఆనించింది. ఒక ఫోటో తీసింది. మనవడు వెనకనున్న స్క్రీను మీద ఆ ఫోటో చూసి, "చాలా బాగా వచ్చిందండీ, పోగు పోగూ లెక్కపెట్టవచ్చు," అన్నాడు.

ఆమె ముఖంలో రంగు తగ్గింది. "ఆలోచించి చెప్తాం," అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత చాలాసార్లు వచ్చారు తండ్రీ కూతుళ్ళు. ఒక్కోసారి ఒక్కో కెమెరా. ప్రతిసారీ పెద్దవాడు కాబట్టి ముందు దర్జీగారు చూడటం, బ్రహ్మాండం అనడం. ఆ తరవాత అమ్మాయి చూడటం, ఆలోచించి చెప్తాం అనడం. మధ్యలో పాఠాలు.

"లెన్సు లోపల ఒక కన్నం ఉంటుందండీ, మీరు గుండీకి కుట్టే కాజా లాంటిది. కాజా పెద్దదైతే వెలుగు ఎక్కువ. కాకపోతే దాని కొలతకి రాసే నంబరు చిన్నదైతే కాజా పెద్దది."

"చిన్న నంబరుకి పెద్ద కాజానా? మేమిలా కుడితే ఊళ్ళో ఒక్కరికీ చొక్కా పట్టదు."

"అందుకే మేము చొక్కాలు కుట్టం."

"అదృష్టవంతులు, ఊళ్ళోవాళ్ళు."

ఇక్కడ ఒక చిన్న సవరణ చేసుకోవాలి. మొదటి క్షణంలోనే పసిగట్టానన్నాను కదా, ఆ క్షణంలో నేను నిద్రపోతున్నాను. ఫ్యాను ఆగిన మాట నిజమే. కరెంటు పోయింది. ఉక్కపోతకి నాకు మెలకువ వచ్చేసరికి వాళ్ళు మెట్లు దిగుతున్నారు. ఆకు సంగతీ, తాళం కప్ప సంగతీ తరవాత మనవడు చెబితే తెలిసినవే. మేలుకున్నాక కూడా, ఆ అమ్మాయి నా కథల కోసం వస్తోందనే చాలా రోజులు అనుకున్నాను. చిన్నప్పుడు బడికి ఆలస్యమై మొసలి మీద కూర్చుని ఏరు దాటిన వైనం చెబుతుంటే ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకూ కాదు, మొసలికీ కాదు. నా వెనక మనవడు ఆమెనే చూస్తూ లెన్సు మూత తీసుకెళ్ళి టీ గ్లాసుకి పెట్టాడు.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఒంటరిగా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఈసారి నిద్ర కాదు, మర్యాద.

"మీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు మనవడు. "కెమెరా సంగతి కాదు. మీకు ఇష్టమైతేనే. ఆదివారం మీ ఇంటికొచ్చి నాన్నగారితో మాట్లాడనా?"



"కెమెరా వద్దండీ. అది చెప్పడానికే వచ్చాను. మీరు రావడం కూడా వద్దు."

"నేనేమైనా తప్పుగా..."

"మీరు కాదు. నాకే. మీ కెమెరాల్లో ఏదీ నాకు సరిగా కనపడదు. ఏది చూసినా మంచు పట్టినట్టే ఉంటుంది."

"ఫోటోలు బాగా వచ్చాయి కదండీ?"

"అదే చెప్తున్నాను. కెమెరా బాగానే ఉంది. నాన్నకీ బాగా కనపడుతోంది. అంత మందం అద్దాలు పెట్టుకునే నాన్నకి కనపడేది నాకు కనపడటం లేదు. నేను ఆనించి చూసేది కుడికన్ను. ఆయనకీ ముందు కుడికంటితోనే మొదలైంది."

"ఇంట్లో ఎడమకన్ను మూసి చూసుకోలేదా?"

"భయమేసింది. చూసుకుంటే తెలిసిపోతుంది కదా."

వాడు స్టూలు ఆమె వైపు జరిపిన చప్పుడైంది.

"నాన్న సన్నపని మానేసి చాలా కాలమైంది. ఆ పనంతా నాదే. పొద్దున్నే ఆయన సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెడతాను. రేపు నా సూదులకి ఎవరెక్కిస్తారు? డాక్టరు దగ్గరికి వెళ్తాను, ధైర్యం వచ్చాక. మిమ్మల్ని ఇందులోకి లాగడం నాకిష్టం లేదు."

నేను ఒక కన్ను కొంచెం తెరిచాను. మర్యాదకి రెండో కన్ను చాలు.

"మీ దగ్గర సూది ఉందా?" అన్నాడు మనవడు.

చున్నీ అంచున గుచ్చుకున్న సూది తీసి, ఎందుకో తెలియకుండానే ఇచ్చింది. దారం కూడా ఇచ్చింది. వాడు సూదిని వెలుగుకి ఎత్తి పట్టుకుని దారం పెట్టబోయాడు. దారం పక్కనుంచి పోయింది. తడిచేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి దారం రెండు పోగులై సూదికి అటొకటీ ఇటొకటీ నిలబడింది. మూడో ప్రయత్నంలో వేలికి గుచ్చుకుంది.

"ఈ పూటకి రాలేదు," అన్నాడు వేలు నోట్లో పెట్టుకుంటూ. "నేర్చుకుంటాను. డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం. ఆయన ఏం చెప్పినా సరే, ఆదివారం వస్తాను. మీరు రావద్దంటే తప్ప."

ఆమె సూది తీసుకుంది. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మబ్బు పట్టింది. దర్జీగారు ఒక్కడే వచ్చాడు, గొడుగు నేలకి పొడుచుకుంటూ.

"మా అమ్మాయి కెమెరా వద్దంటోంది. తిండి తినట్లేదు, నాతో మాట్లాడట్లేదు. నువ్వేమన్నావు బాబూ?"

"నేనేం అనలేదండీ."

"మరి దీనికేం రోగమొచ్చింది?" అంటూ కౌంటరు మీదున్న కెమెరా అందుకుని, అద్దాలు పైకి తోసి కన్ను ఆనించాడు. "అద్దంలా కనపడుతోంది కదా. ఇదిగో, నువ్వే చూడు," అని మనవడి చేతిలో పెట్టాడు.

మనవడు కన్ను ఆనించాడు. తీసి, కన్ను నలుపుకున్నాడు. లెన్సు తుడిచి మళ్ళీ చూశాడు. వాడి ముఖం చూసి నేను కుర్చీలోంచి లేచాను. నేను లేచానంటే భూకంపమే రావాలి.

"మీరు ఇక్కడ పక్కన ఏమైనా ముట్టుకున్నారా అండీ?"

"ఆ బుల్లి చక్రమా? తిప్పుకున్నాను."

"ప్రతిసారీనా?"

"తిప్పుకోకుండా ఎవరైనా పని మొదలుపెడతారా బాబూ? పక్కవాడి మిషను మీద కూర్చుంటే ముందు దారం టెన్షన్ చక్రం సరిచేసుకోనూ? ఒక్కో కెమెరాకి ఒక్కోచోట పెట్టి చచ్చారు. అయినా అన్నీ పట్టుకున్నాను," అన్నాడు దర్జీగారు గర్వంగా.

చూసేవాళ్ళ కంటికి తగ్గట్టు సర్దుకోవడానికి పెట్టిన చక్రం అది. రోజూ కొట్టు తెరవగానే మనవడు దాన్ని మధ్యలో పెట్టి ఉంచుతాడు. మామూలు కళ్ళవాళ్ళకి అది చాలు. అసలు ఉందని కూడా ఎవరికీ తెలియనవసరం లేదు. దర్జీగారు తన కంటికి తిప్పుకుని, అలాగే కూతురి చేతికిచ్చాడు. ఫోటోకి దాంతో పనిలేదు కాబట్టి ఫోటోలు బాగానే వచ్చాయి.

మనవడు చక్రం సంగతీ, ఆమె భయం సంగతీ చెబితే విని దర్జీగారు స్టూలు మీద కూలబడ్డాడు. కూతురు ఎందుకు తినట్లేదో అప్పుడు తెలిసింది ఆయనకి.

"ఇన్నిసార్లు వచ్చాం. నువ్వు ఒక్కసారి కూడా లోపలికి చూడలేదా?"

"లేదండీ."

"మరి ఎటు చూశావు?"

మనవడు నేల వైపు చూశాడు. జవాబు నేను చెప్పాల్సి వచ్చింది. "కెమెరాకి ఇవతలి పక్క."

వాన మొదలైంది. సామాన్యమైన వాన కాదు. చేపలు నేరుగా మబ్బుల్లోకి ఈదుకుంటూ వెళ్ళగలిగేంత వాన. ఒక్క గొడుగు కింద ఇద్దరు ముసలివాళ్ళం నడిచాం. మనవడు కెమెరాని చొక్కాలో దాచుకుని ముందు పరిగెత్తాడు.

దర్జీగారింట్లో ఆమె చట్రానికి బిగించిన గుడ్డ ముందు కూర్చుని ఉంది. సూది చేతిలోనే ఉంది, కుట్టడం లేదు.

"ఒక్కసారి చూడండి," అన్నాడు గుమ్మంలోంచే కెమెరా అందిస్తూ.

"వద్దన్నాను కదండీ."

"ఈ ఒక్కసారే. చూస్తూ, పక్కనున్న ఈ చక్రం మెల్లగా తిప్పండి."

ఆమె వాడి వైపే పట్టుకుని చూసింది. వేలితో తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. ఒక్కసారిగా ఆగిపోయింది.

"మీ చొక్కా రెండో గుండీ దారం ఊడింది," అంది. "జుట్టులోంచి చుక్కలు కారుతున్నాయి. చేతికి ఆ ప్లాస్టర్లేమిటి?"

"సూది ప్రాక్టీసు. నిన్న సాయంత్రమంతా."

కెమెరా దించింది. ఎడమకంటిని అరచేత్తో మూసుకుని వీధి వైపు తిరిగింది. వానలోంచి ఎదురుగా ఉన్న బోర్డు చదివింది. దాని కింద చిన్నక్షరాలు చదివింది. చదువుతూ చదువుతూ ఏడ్చేసింది, మధ్యలో నవ్వు కూడా వచ్చింది.

"నాన్నా, మీరు ఎక్కడ చక్రం కనపడితే అక్కడ తిప్పేస్తారా?"

"గడియారాలు ముట్టుకోనమ్మా," అన్నాడాయన దీనంగా.

మనవడు ఇంకా గుమ్మంలోనే తడుస్తున్నాడు. "ఆదివారం రానా?"

"ఇవాళే వచ్చేశారుగా."

"ఇది డెలివరీ. లెక్కలోకి రాదు."

"కళ్ళు బాగున్నాయని తెలిశాక అడుగుతున్నారా?"

"నిన్న కూడా అడిగాను."

"అడిగారు." కెమెరాని చేతిలో సరిగ్గా పట్టుకుంది. చిటికెన వేలికి చోటు దొరికింది. "నిన్న నాకు మంచు పట్టి ఉంది. ఇవాళ కనపడుతున్నారు. రండి. ఈ కెమెరా కూడా ఇక్కడే ఉంచేయండి."

అప్పుడు దర్జీగారు లేచి మా వాడి భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, ఇన్నేళ్ళూ నా సూదులకి దారం ఎక్కించిన పిల్ల ఇది. దీని సూదికి ఎక్కించడం కోసం ఒకడు వేళ్ళు పొడుచుకున్నాడంటే, నాకు ఇంకేమీ చూడక్కర్లేదు," అన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఆ మాట ఒక్కటే. వాన నిజం, మొసలి నిజం. దర్జీగారు మాత్రం ఏమీ అనలేదు. మెడలోంచి టేపు తీసి, తడిసి ముద్దయిన మా వాడిని అటు తిప్పి నిలబెట్టి భుజాల కొలత తీసుకున్నాడు. అంకె చెప్పాడు, కూతురు రాసుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుని, అదే కొలత మళ్ళీ తీశాడు.