దీనమ్మ అడిగిన నీళ్లు

ఆ ఉదయం కూడా జకరయ్య సరుగుడు తోట అవతలి చెలమ నుంచి కావడితో నీళ్లు మోసుకొచ్చాడు. ఇసుకలో తవ్విన ఆ గుంటలో ఊరే నీళ్లంత తియ్యటి నీళ్లు మైపాడు వైపు ఇంకెక్కడా లేవని ఆయన నమ్మకం. వంటింటి గడప దగ్గర కావడి దించి, తాగే నీళ్ల కుండలోకి బిందె వంచబోతుంటే కోడలు ఏసుమణి అడ్డం వచ్చింది.

“దాంట్లో పోయబాకండి మామా. అవి కాచిన నీళ్లు.”

“ఆ మందు కంపు మీరు తాగండి. నాకు గొంతు దిగదు.”

అది 1964. దేశదేశాలు దాటి వచ్చిన కొత్త రకం కలరా ఈ తీరానికీ పాకిందని, ఆరోగ్యశాఖ వాళ్లు ఊరి బావిలో బ్లీచింగు పొడి చల్లి వెళ్లారు. నీళ్లు కాచి తాగమన్నారు. చెలమ నీళ్లు ముట్టుకోవద్దన్నారు. ఆ ఇంట్లో జకరయ్య ఒక్కడే వాళ్ల మాట చెవిన పెట్టలేదు.

అప్పుడే మాటలు నేర్చుకుంటున్న మనవడు గ్లాసు పట్టుకుని తాత దగ్గరకు వచ్చాడు. ఆయన బిందె వంచి నింపి ఇచ్చాడు. గ్లాసు వాడి పెదవులకు తగిలేలోపే ఏసుమణి లాక్కుంది. అంతటితో ఆగకుండా రెండు బిందెలూ ముంగిట్లో కుమ్మరించింది.

“నా ఇంట్లో నీళ్లు పారబోసేదానికి నువ్వెవురివి?” అన్నాడు జకరయ్య.

“ఈ బిడ్డకు తల్లిని మామా. పక్క పాళెంలో పోయినోళ్లంతా చెలమ నీళ్లు తాగినోళ్లే. వానకు తోటలో మురికంతా ఆ ఇసకలోకే గదా దిగేది?”

“నాకు తెలీని కలరానా? మీరు నేర్పించాల్నా నాకు?”

పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తున్న ఎస్తేరమ్మ చెయ్యి ఆగిపోయింది. భర్త నోట ఆ రోగం పేరు విని ఇరవై ఏళ్లు దాటింది. భర్త వైపు చూడకుండా ఆమె పొగలోకి తలవంచుకుంది. జకరయ్య ఖాళీ బిందెలు తీసుకుని మళ్లీ చెలమకే వెళ్లాడు. ఆ రోజు నుంచి వసారాలో తనకంటూ వేరే కుండ పెట్టుకున్నాడు.

ఆ వారం దాటకముందే ఆయన పడ్డాడు. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి, వేళ్లు ముడతలు పడ్డాయి. కొడుకు దావీదు నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవడానికి బండి కోసం పరుగెత్తాడు. ఏసుమణి కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు వేసి తెచ్చింది.

“తాగండి మామా. ఆసుపత్రికి చేరేదాకా పోస్తానే ఉండమన్నారు, బావిలో మందు చల్లినోళ్లు. ఈ రోగంలో మనుషులు పోయేది ఒంట్లో నీళ్లు లేకనేనంట.”

జకరయ్య కళ్లు తెరిచాడు. “నీళ్లు లేకనా?” అని మెల్లగా అడిగాడు. తర్వాత పళ్లు బిగించి గోడవైపు తిరిగిపోయాడు.

ఎస్తేరమ్మకు అర్థమైంది. ఇంకా నీళ్లు కాచమని కోడలిని వంటింట్లోకి పంపి, తను మంచం పక్కన కూర్చుంది.

యుద్ధం రోజుల్లో వాళ్ల పెద్ద బిడ్డ దీనమ్మకు ఇదే రోగం వచ్చింది. చుక్క నీళ్లు పోసినా బిడ్డ దక్కదని పెద్దలు చెప్పారు. జకరయ్య నీళ్ల కుండకు అడ్డంగా కూర్చున్నాడు. ‘నాయనా, ఒక్క గుక్క’ అని ఆ పిల్ల పొద్దంతా అడిగింది. అడిగే గొంతు సన్నగిల్లి, చివరికి పెదవులు మాత్రమే కదిలాయి. దావీదు అప్పుడు చంటిబిడ్డ. తర్వాత ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. జకరయ్య మాత్రం అప్పటి నుంచి ఇంట్లో ఏ కుండా ఖాళీగా ఉండనివ్వలేదు.

“తాగు” అంది ఎస్తేరమ్మ.

“నేను తాగి బతికితే ఆ యమ్మి చెప్పింది నిజమవతాది ఎస్తేరూ. అప్పుడు దీనమ్మను చంపింది నేనే గదా. నన్ను ఇట్టే పోనీ. పెద్దోళ్లు చెప్పిందే నిజమని ఉండిపోనీ.”

ఎస్తేరమ్మ ఉప్పునీళ్లు దగ్గరకు లాక్కుంది.

“బిడ్డకు నీళ్లియ్యలేదని ఇన్నేండ్లూ నేను గూడా నిన్నే తప్పుపడతా ఉండినా” అంది. “నువ్వు కుండకాడ కూర్చోనుంటే, నేను పక్కింటికి పోయి ఒక చెంబు తెచ్చి పోసి ఉండొచ్చు. పోయలా. నేనూ నమ్మినా. బిడ్డ బతకాలనే గదా ఇద్దరమూ ఆ పని చేసింది. అప్పుడు మనకు తెలీదు. ఇప్పుడు తెలిసినాది. తెలిసి గూడా నువ్వు నోరు మూసుకుంటే, ఇంకోసారి చూస్తా కూర్చోమంటావా నన్ను?”

ఆయన దవడలు వదులయ్యాయి. ఎస్తేరమ్మ ఆయన తల ఎత్తిపట్టి చెంచాతో నీళ్లు పోసింది. కక్కినా మళ్లీ పోసింది. బండిలోనూ, దారి పొడవునా పోస్తూనే ఉంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఆయన బతికాడు.

ఇంటికి వచ్చాక జకరయ్య చెలమ వైపు వెళ్లలేదు. ఏసుమణి ఇచ్చిన నీళ్లు మారుమాట లేకుండా తాగేవాడు. అయితే పొద్దువాలేసరికి చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టు కూర్చునేవాడు. ఒక సాయంత్రం వసారాలో భార్యను పిలిచాడు.

“దీనమ్మ అడగతానే ఉండాది ఎస్తేరూ. ఈ యాళకే.”

“నాకూ వినబడతాది.”

“నీకా? ఎన్నాళ్లనుంచి?”

“మొదటినుంచీ.”

“చెప్పలేదేంది?”

“నువ్వూ చెప్పలా గదా.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఒకే కప్పు కింద, చెరో గోడ పక్కన, ఒకే గొంతు విన్నామని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జకరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

బిడ్డను చంకనేసుకుని వచ్చిన ఏసుమణి గుమ్మంలో ఆగిపోయింది.

“దీనమ్మ ఎవురత్తా?”

ఎస్తేరమ్మ నోరు తెరిచేలోగా జకరయ్యే పక్కకు జరిగి కోడలికి చోటిచ్చాడు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“నా కూతురమ్మా. నీ మొగుడికి అక్క. కూర్చో, చెప్తాను.”