లిస్టులోంచి తీసేసిన ఫోన్

"సునీల్‌ది ఓకే," అంది రుచిత.

సిద్దిపేటలోని ఆ చిన్న ఆఫీసులో ఆప్‌లను పరీక్షించేది రుచితే. ఆమె ఓకే అంటేనే ఏదైనా జనంలోకి వెళ్తుంది. ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది అక్కడి నేతగాళ్లు నేసే గొల్లభామ చీరలు అమ్మే ఆప్. ఐఫోన్‌లకు చేసేది సునీల్, ఆండ్రాయిడ్ ఫోన్‌లకు చేసేది నరహరి.

"మరి నాది?" అన్నాడు నరహరి.

"ఇరవై మూడు తప్పులున్నయ్. మెయిల్ పెట్టిన, చూస్కో."

చెప్పేసి వెళ్లి సునీల్ టేబుల్ దగ్గర కూర్చుంది. సునీల్ ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. నరహరికి ఒళ్లు మండిపోయింది.

మనవాడి బాధలో న్యాయం లేకపోలేదు. ఐఫోన్‌లన్నీ ఒకే కంపెనీవి, కొన్ని రకాలు చూసుకుంటే చాలు. ఆండ్రాయిడ్‌లు ఎన్ని కంపెనీలవో లెక్కే లేదు. ఒకదాంట్లో చీర కొంగు తెగిపోతుంది, ఇంకోదాంట్లో బటన్ నొక్కినా పనిచేయదు. కానీ న్యాయం వేరు, కుళ్లు వేరు. రెండేళ్లుగా ప్రేమిస్తూ ఒక్క ముక్క చెప్పలేని మనిషి, నెల కిందట వచ్చినవాడు ఆమెను నవ్విస్తుంటే ఎలా ఊరుకుంటాడు?

"గా సునీల్ తప్పులే చేయడా?" అని టీ దగ్గర అడిగేశాడు.

"చేస్తడు. చెప్తే దిద్దుకుంటడు. నీలెక్క మూతి ముడ్చుకోడు."

"నేనెప్పుడు ముడ్చుకున్న?"

"గిప్పుడు."

ఆ సాయంత్రం నరహరి ఒక పాడుపని చేశాడు. ఇరవై మూడు తప్పుల్లో తొమ్మిది పాత ఫోన్లలో మాత్రమే వస్తున్నాయి. వాటిని దిద్దాలంటే వారం పడుతుంది. ఆప్ ఏయే ఫోన్లలో దిగాలో చెప్పే లిస్టు అతని చేతిలోనే ఉంది. పాత మోడళ్లన్నీ అందులోంచి తీసేశాడు. మిగతావి రెండు రోజుల్లో సరిచేసి, సునీల్‌కు వినపడేలా, "అన్నీ అయిపోయినయ్. ఇగ ఓకే అను," అన్నాడు.

"ఇంటికాడ ఓపారి చూసి చెప్త," అంది రుచిత.

మర్నాడు అద్దం పగిలిన ఫోనొకటి తెచ్చి అతని ముందు పెట్టింది. ఈ ఆప్ మీ ఫోన్‌లో పనిచేయదు, అని ఉంది తెర మీద.

"గిదెవరిది?"

"మా బాపుది. ఆప్‌ల నువ్వు పెట్టిన మొదటి చీర నేసింది ఆయనే. తప్పులు నువ్వు దిద్దలే నరహరీ. మా బాపునే తీసేసినవ్."

తిట్టినా బాగుండేది. నరహరి తలెత్తలేకపోయాడు.

"ఎందుకు చేసినవ్?"

"సునీల్‌కు ఒక్కరోజుల ఓకే ఇచ్చినవ్. నాకియ్యలే. గది గూడ కాదు. నువ్వు వానితోని నవ్వుతుంటే నాకు ఓర్వబుద్ధి కాలే."

రుచిత ఆ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "పొద్దుమీకి మా ఇంటికి రా. ఫోన్ ఆడనే ఉంటది," అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నరహరి సాయంత్రాలు రుచిత తండ్రి రాజం మగ్గం పక్కనే గడిచాయి. పగలు సునీల్ టేబుల్ వైపు చూడలేదని నేను చెప్పను. చూశాడు, కడుపు మండింది, మళ్లీ పని చేసుకున్నాడు. ఆరో రోజు ఆ పాత ఫోన్‌లో ఆప్ తెరుచుకుంది.

రాజం కళ్లద్దాలు సవరించుకుని తన చీరను తానే చూసుకున్నాడు.

"నేను నేసింది కుంకుమ రంగు, బిడ్డా. గిది ఇటుక రంగున్నది."

నరహరి మూతి ముడవలేదు. "నిజమే కాకా," అని మళ్లీ కూర్చున్నాడు. ఇంకో గంటకు రంగు కుదిరింది.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే రుచిత వచ్చి నిలబడింది.

"ఓకే," అంది. "సునీల్ ఆప్‌ల తప్పుంటే రాసి పంపి మర్చిపోత. నీదాంట్ల ఉంటే నేను ఇంటికి పోయినంక గూడ కోపం పోదు. గదెందుకో రెండేండ్లసంది నీకు సమజ్ కాలేదా?"

నరహరి వేసుకున్న చెప్పు మళ్లీ విప్పాడు. "అయితే సునీల్..." అన్నాడు.

"ఇంకా పోలేదా కుళ్లు?"

"పోలే," నిజమే చెప్పాడు.

"నీకేనా ఉన్నది? వారంసంది రోజు వస్తున్నవ్, మా బాపుతోనే ముచ్చటపెట్టి పోతున్నవ్. నాతోని ఒక్కమాటన్న మాట్లాడినవా? మా బాపును చూస్తే నాకే జెలసీగున్నది."

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"నరహరీ," అని రాజం గొంతు వినిపించింది, "ఐతారం మీ అమ్మను, నాయినను ఓపారి ఇంటికి తోల్కరా బిడ్డా. గా పొద్దు నేను తక్కువ మాట్లాడత."