వదలని ఇనుము

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు బిలాస్‌పూర్‌లోని తోర్వా రోడ్డు మీద నంబరు లేని జీపొకటి సత్యనారాయణ స్కూటర్‌ను వెనక నుంచి గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే ఆయన ప్రాణం పోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఢిల్లీలో బోర్డు లేని ఓ ఆఫీసులో మాత్రం హత్య అని రాసుకున్నారు. సత్యనారాయణ ప్రాజెక్ట్ ఉడుములో స్టోర్‌కీపర్. చనిపోవడానికి పది నిమిషాల ముందు ఆయన ఒక రహస్య నంబరుకు పంపిన మెసేజ్‌లో ఒకటే మాట ఉంది. 'కోర్'.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ నాగేంద్రను చీఫ్ పిలిపించాడు.

"ఉడుము ఒక ఎలక్ట్రోమాగ్నెట్. బిలాస్‌పూర్ శివార్లలో డాక్టర్ తిరుపతయ్య తయారు చేశాడు. బుధవారం పదకొండింటికి డెమో. మూడు దేశాల ప్రతినిధులు చూస్తుండగా మూడు టన్నుల ఉక్కు దిమ్మెను ఎత్తుతుంది. ఆ దిమ్మె కింద తిరుపతయ్య నిలబడతాడు."

"కిందా?"

"ఎంత చెప్పినా వినలేదు. నా మాగ్నెట్‌ను నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారంటాడు. మాగ్నెట్‌లో వాడిన మిశ్రమలోహం ఫార్ములా ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. 'కోరల్' ముఠాకు అదే అవకాశం. సత్యనారాయణ మెసేజ్‌లో రాయబోయింది ఆ పేరే అనుకుంటున్నాం."

కోరల్ విదేశీ ముఠా. అందులో రెండేళ్లుగా ఏజెన్సీ తరఫున ఉన్న మనిషి రాజశ్రీ. ప్రతినిధుల దుభాషిగా, సెక్యూరిటీ కోఆర్డినేటర్‌గా ఆమె అప్పటికే బిలాస్‌పూర్ చేరింది. దిమ్మె గాల్లో ఉండగా ముఠా కరెంట్ ఆపేస్తుందని ఆమె కబురు. కాబట్టి నాగేంద్ర పని పవర్ రూమ్ కాపలా.

మంగళవారం బ్యాటరీ కంపెనీ సర్వీస్ ఇంజనీర్ వేషంలో నాగేంద్ర వర్క్‌షాప్ గేటు దగ్గర దిగాడు. జేబుల్లో కెమెరా ఉన్న పెన్ను, సంకెళ్లు, టూల్‌బాక్స్ అడుగున పిస్టల్. కోసా పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో ఓ అందగత్తె ఎదురొచ్చింది.

"ఈ ఊళ్లో మంచి దోసకాయలు దొరుకుతాయా?" అని అడిగాడు.

"తఖత్‌పూర్ సంతలో. అదీ వర్షం పడకపోతే."

కోడ్ సరిపోయింది. రాజశ్రీ నవ్వి అతన్ని పవర్ రూమ్‌కు తీసుకెళ్లింది. అక్కణ్నుంచి కదలొద్దని రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఎందుకు చెప్పిందో అతను ఆలోచించలేదు.

బుధవారం పదిన్నరకు పవర్ రూమ్ తలుపు తోసుకుని అరవై ఆరేళ్ల మనిషి లోపలికొచ్చింది. కనకమహాలక్ష్మి. ఆమె తాత శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి ఈ ఊరొచ్చాడు. ఆమె ముప్ఫై ఏళ్లకు పైగా రైల్వేలో కాయిల్స్ చుట్టింది. రిటైరయ్యాక తిరుపతయ్య ఆమెను తన వర్క్‌షాప్‌లో పెట్టుకున్నాడు. పొద్దుట్నుంచి ముగ్గురు ఆఫీసర్లకు ఏదో చెప్పబోయిందట. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోమని ముగ్గురూ ఒకే మాట అన్నారట.

"నువ్వైనా ఇంతావా బాబూ? లేపోతే నువ్వూ రెస్టంతావా?"

ఆమె గొంతులో బతిమాలుకోవడం లేదు. నాగేంద్ర ఆమె వెంట కాయిల్స్ చుట్టే గదిలోకి నడిచాడు.

బల్ల మీద చిన్న కాయిల్ ఉంది. మధ్యలో బోలుగా ఉంది. ఆమె అందులో చెక్కముక్క దూర్చి స్విచ్ వేసి, నట్ల డబ్బాలో ముంచి తీసింది. ఒక్క నట్టూ అంటలేదు. చెక్క తీసి మెత్తని ఇనుప కడ్డీ పెట్టింది. ముప్ఫై నట్లు గుత్తిగా వేలాడాయి. స్విచ్ ఆపగానే అన్నీ రాలిపోయాయి. తిరుపతయ్య మిశ్రమలోహం తునక పెట్టినప్పుడు నలభై పైనే లేచాయి. అవీ ఆపగానే రాలాయి. చివరగా విరిగిన ఆకురాయి ముక్క దూర్చింది. గట్టి ఉక్కు. పన్నెండే లేచాయి. స్విచ్ ఆపినా మూడు నట్లు దాన్ని పట్టుకునే ఉన్నాయి.

"కాయిల్ ఒక్కటే, కరెంటూ ఒక్కటే. లోపలేటి పెట్టామన్నదే లెక్క. మంచి కోర్ బాగా పట్టుకుంతాది, కరెంట్ పోగానే ఒగ్గెత్తాది. పొద్దున్న క్రేన్ కాడికెల్లి, కరెంట్ ఆపేసున్నప్పుడు మాగ్నెట్‌కి నట్టు ఆనించినాను. అంతుకుండిపోనాది."

నాగేంద్రకు అర్థమైంది. కోర్ మార్చేశారు. సత్యనారాయణ చూసింది అదే.

కరెంట్ పెంచితే ఆ ఉక్కు కోర్ దిమ్మెను మోస్తుందా అని అడిగాడు.

"దాని కడుపు నిండిపోయినాక ఎంత పోత్తే ఏటి? కాయిల్ కాలిపోద్ది గానీ పట్టు పెరగదు. దిమ్మెను ఎత్తడానికి ఎత్తుద్ది. కూసింత ఊగినాదా, జారిపోద్ది."

కోర్ ఉంచే అల్మారా తాళాలు ఇద్దరి దగ్గరే ఉండేవి. ఒకరు సత్యనారాయణ. రెండోవాళ్లు సెక్యూరిటీ కోఆర్డినేటర్.

అంతలో సైరన్ మోగింది. దుభాషి కోరిక మీద డెమో పావుగంట ముందుకు జరిపారు.

ఇద్దరూ వరండాలోకి పరుగెత్తారు. పిస్టల్ ఉన్న టూల్‌బాక్స్ పవర్ రూమ్‌లోనే ఉండిపోయింది. చివర రాజశ్రీ నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్. దాని మూత లేదు. అందులోంచి సన్నని గొట్టం బయటికి కనిపిస్తోంది.

"పవర్ రూమ్‌లో ఉండమన్నాను కదా నాగేంద్రా."

"ఎవరి పక్షాన ఉన్నావు?"

"గెలిచే పక్షాన. ఎప్పుడూ అంతే."

నాగేంద్ర కనకమహాలక్ష్మికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ గొట్టంలో పట్టేది ఒక్క గుండే అని అతనికి తెలుసు. ఆ మాటే పైకి అన్నాడు. ఇద్దరిలో ఎవరినో ఎంచుకోమన్నాడు. రాజశ్రీ చూపు అతని మీదే ఉండగా, వెనక నుంచి కనకమహాలక్ష్మి గోడ వారగా నడిచి ఆమెను దాటుకుని వెళ్లిపోయింది. పరుగెత్తలేదు. తిరిగి చూడలేదు. ముసలామెను రాజశ్రీ లెక్కలోకే తీసుకోలేదు. ఆమె ఎక్కడికి వెళ్తోందో అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. అటు తిప్పబోయిన చేతి మీదికి నాగేంద్ర దూకాడు. గుండు అతని భుజాన్ని గీరుకుంటూ పోయింది. మరుక్షణంలో రాజశ్రీ చేతులకు సంకెళ్లు పడ్డాయి.

యార్డులో మూడు టన్నుల దిమ్మె అప్పటికే గాల్లో ఉంది. క్రేన్ దాన్ని మెల్లగా, తిరుపతయ్య నిలబడాల్సిన చోట గీసిన పసుపు వలయం వైపు తెస్తోంది. తిరుపతయ్య వలయం అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. దాని మధ్యలో కనకమహాలక్ష్మి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

సెక్యూరిటీ ఆఫీసర్ హిందీలో లేవమన్నాడు. అరెస్టు చేయిస్తానన్నాడు. విదేశీ అతిథుల ముందు దేశం పరువు పోతోందన్నాడు. ఇద్దరు గార్డులు ఆమె వైపు కదిలారు.

"నానుండగా ఈ గీత లోపల ఇంకెవుడూ నిలబడ్డు," అంది ఆమె తెలుగులో. "సార్, నా సేత్తో సుట్టిన కాయిల్ అది. దాని గొంతు నాకు తెలుసు. లోపలున్నది మన కోర్ కాదు."

తిరుపతయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆరేళ్లలో ఆమె చుట్టిన ఒక్క కాయిల్ కూడా తిరిగి రాలేదు. ఆయన చెయ్యెత్తి గార్డులను ఆపాడు. క్రేన్ ఆపమని సైగ చేశాడు.

ఆపరేటర్ బ్రేక్ వేశాడు. దిమ్మె ఒక్కసారి ముందుకు ఊగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు ఊగబోతూ మాగ్నెట్ నుంచి జారిపోయింది. వలయానికి నాలుగడుగుల ఇవతల నేల అదిరింది. దుమ్ము పైకి లేచింది.

దుమ్ములోంచి కనకమహాలక్ష్మి దగ్గు వినిపించింది. తిరుపతయ్య వెళ్లి చేయి అందించాడు. ఆమె మాత్రం తనంతట తనే లేచింది.

అసలు కోర్ రాజశ్రీ కారు డిక్కీలో, స్టెప్నీ కింద గుడ్డలో చుట్టి దొరికింది. ఆమె మాట మీద సత్యనారాయణ మీదికి జీపు పంపిన కోరల్ మనుషులు సాయంత్రానికల్లా రాయ్‌పూర్ ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డారు. ప్రతినిధులను మాత్రం ఎవరూ వెనక్కి పంపలేదు. మధ్యాహ్నం మూడింటికి తిరుపతయ్య ఆ అసలు కోర్ బిగించి, అదే దిమ్మెను ఎత్తి, దాని కింద నిలబడ్డాడు. క్రేన్‌ను కావాలని అటూ ఇటూ ఊపించాడు. పక్కన కనకమహాలక్ష్మి కూడా నిలబడింది. వద్దనడానికి ఈసారి ఏ ఆఫీసరూ సాహసించలేదు.

భుజానికి కట్టుతోనే నాగేంద్ర రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ఫారంలో 'శత్రువును అడ్డుకోవడానికి వాడిన ఆయుధం' అని ఒక గడి ఉంది. అతను 'ఏమీ లేదు. ఆవిడ కూర్చుంది' అని రాసి సంతకం పెట్టాడు.