మాటజల్లెడ

తొమ్మిదో తరగతి బి సెక్షన్లో నలభై రెండు మంది పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేం వినిపించడం లేదు.

నల్లటి వేలితొడుగులు వేసుకున్న చేతులు గాలిలో చకచకా కదులుతున్నాయి. గాలిలో రాసింది బల్ల మీది రాతపలకలో అక్షరాలుగా మారి, మాటజల్లెడ గుండా వెళ్లి, అవతలివాడి పలక మీద తేలుతుంది. బూతు, వెటకారం, బెదిరింపు, చాడీ. ఈ నాలుగింటినీ జల్లెడ దాటనివ్వదు. వాటి చోట ఓ మర్యాదైన మాట పెట్టి పంపిస్తుంది. అలా పంపిన ప్రతిసారీ రాసినవాడి నడత సూచీలో కోత పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకి ఆ సూచీ తల్లిదండ్రులకి చేరుతుంది.

"మేడంగారూ, హెడ్మాస్టరుగారు రమ్మంటన్నారు. కాయితం ముందర పెట్టుకుని కూచున్నారు," అంది అటెండరు సోమమ్మ, గుమ్మంలోంచి గట్టిగా.

నలభై రెండు తలలూ ఉలిక్కిపడి లేచాయి. మనిషి గొంతు ఆ గదిలో అంత వింతైపోయింది.

లెక్కల టీచరు ఎస్తేరు పుస్తకం మూసి బయటికి నడిచింది. ఆ కాగితం ఏమిటో ఆమెకు తెలుసు. నీలోఫర్‌ని 'ఒంటరి బడి'కి పంపే ఉత్తర్వు. దాని మీద క్లాసు టీచరుగా తన సంతకం పడితే ఆ పిల్ల రేపటినుంచి బడి గేటు దాటడానికి లేదు. పదో తరగతి అయ్యేదాకా ఇంట్లో యంత్రం ముందు ఒక్కతే కూర్చుని చదువుకోవాలి. పక్క బెంచీ ఉండదు, స్నేహితురాలు ఉండదు.

"రావమ్మా ఎస్తేరమ్మా," అన్నాడు హెడ్మాస్టరు వీరరాఘవులు. "నువ్వో సంతకం పారేస్తే కాఫీ తాగుదాం. దీనికోసమే నాలుగింటికి జిల్లా ఆఫీసరుగారొస్తారు."

"ఆ పిల్ల ఏమంటోందో ఎవరైనా విన్నారా మాస్టారూ?"

"వినడానికేముంది? పలక పెట్టి గగన్ నుదురు పగలగొట్టింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ కుర్రాడు తనని ఒక్క మాటన్నాడా? రికార్డంతా జల్లించాను. ఒక్క చెడ్డమాట లేదు."

"మన బళ్లో ఆరేళ్లుగా ఎవరి రికార్డులోనూ చెడ్డమాట లేదు. సోమమ్మా నేనూ రోజుకి రెండుసార్లు పోట్లాడుకుంటాం. ఈ బళ్లో మేమిద్దరమే మనుషులమా?"

వీరరాఘవులు నవ్వలేదు. "సూచీలో జిల్లాకి మొదటి బడి మనది. బందరులో జల్లెడ రాకముందు పిల్లలు ఆ పలకల్లో ఏం రాసుకునేవాళ్లో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అప్పుడు బూతు రాసినవాణ్ణి నిలబెట్టి నాలుగు మాటలు అడిగితే, ఎందుకు రాశాడో బయటికొచ్చేది. ఇప్పుడు వాడి నోట్లోంచి మాటే లాగేసుకుంటున్నాం. మర్యాద వాడికి రాలేదు మాస్టారూ, యంత్రానికొచ్చింది. ఒక గంట టైమివ్వండి."

"నాలుగింటికి సంతకం కావాలి," అన్నాడాయన.

నీలోఫర్ లైబ్రరీ గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. సన్నటి పిల్ల. ఎడమ చెవి వెనక వాపు ఇంకా తగ్గలేదు.

"ఎవరు కొట్టారే అక్కడ?"

"గగనే టీచర్. ముందు వాడే నా జడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. తర్వాతే నేను పలక ఎత్తాను."

"వాడు నీతో బాగానే ఉండేవాడు కదా. ఎందుకు కొట్టాడు?"

నీలోఫర్ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "మీ వల్ల."

ఎస్తేరు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సోమవారం మంచిమాట మీరే చదివారుగా టీచర్. నా పేరు కూడా చెప్పారు."

ప్రతి ఉదయం టీచరు పలకకి వచ్చిన సందేశాల్లోంచి ఒకదాన్ని ఏరి, క్లాసులో పైకి చదవాలి. అది ఈ బళ్లో రివాజు. సోమవారం ఎస్తేరు చదివింది ఆమెకు బాగా గుర్తుంది. 'గగన్ చేతులు ఎంతో అందమైనవి. మీరు ఒక్కసారి తప్పక చూడాలి.' క్లాసంతా చప్పట్లు కొట్టింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. గగన్ ముఖం పాలిపోతే, సిగ్గనుకుంది ఎస్తేరు. "ఏదీ, ఆ అందమైన చేతులు అందరికీ చూపించు," అని పైగా వేళాకోళం కూడా ఆడింది.

"నేనది రాయలేదు టీచర్."

"మరి నీ పేరుతో వచ్చిందే!"

"నేను రాసింది నా పలకలో ఉంది. కానీ మీరు చూడకూడదంటగా? రూలంట."

"రూలు సంగతి నేను చూసుకుంటాను. తియ్యి."

నీలోఫర్ పలక ముందుకు తోసింది. జల్లెడ దాటకముందు రాసిన మాటలు, రాసినవి రాసినట్టే ఉన్నాయి.

'టీచర్, గగన్ చేతులు కాలిపోయి ఉన్నాయి. తొడుగు మార్చుకుంటుంటే చూశాను. సూచీ తగ్గిన రోజు వాళ్ల నాన్న ఇస్త్రీపెట్టె పెడతాడంట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. మీరు ఒక్కసారి చూడండి టీచర్.'

ఎస్తేరు రెండోసారి చదవలేకపోయింది.

జల్లెడ మాటల్ని మెత్తబరుస్తుందని ఆమెకు తెలుసు. మాటనే మార్చేస్తుందని తెలియదు. ఎందుకు మార్చిందో అర్థం కావడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. ఆరేళ్ల కిందట వేసవి శిక్షణలో మూడు వందల మంది టీచర్లని కూర్చోబెట్టి, పిల్లలు మాట్లాడే వేల వాక్యాలు చూపించారు. ఏది బూతు, ఏది బెదిరింపు, ఏది చాడీ, గుర్తులు పెట్టమన్నారు. ఆ గుర్తులు చూసే జల్లెడ నేర్చుకుంది.

'టీచర్, వీడు నన్ను గిల్లుతున్నాడు.' చాడీ. 'టీచర్, మా బాబాయి నన్ను కొడతాడు.' చాడీ. ఎస్తేరు క్షణం ఆలోచించలేదు. పదిహేనేళ్ల సర్వీసులో ఆమె నోటికి బాగా అలవాటైన మాట అది. 'చాడీలు చెప్పకు, పోయి కూర్చో.' భోజనాల వేళకి అందరికంటే ముందు ముగించిందని ఆమెకి శాలువా కూడా కప్పారు.

యంత్రం సొంతంగా ఏ పాపం చెయ్యలేదు. టీచర్లు చెప్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. ఆమె ఒళ్లు మండిపోయింది. జల్లెడ మీదో, కొనిపెట్టిన వాళ్ల మీదో, తన మీదో తెలియనంతగా మండింది.

"నువ్వు వాణ్ణి వెక్కిరించావనుకున్నాడా?"

"అందరి ముందూ నవ్వించాననుకున్నాడు. నేను రాయలేదురా అంటే నమ్మలేదు. మీరే చదివారుగా మరి." అప్పుడు ఏడ్చింది నీలోఫర్.

ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి దాదాపు పరుగు పెట్టింది. గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు చూపిస్తోంది.

"గగన్ ఎక్కడున్నాడు మాస్టారూ?"

"ఇంట్లో. వారం సెలవిచ్చాం కదా. వాళ్ల నాన్న శ్రీపతిగారు తనూ సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంటున్నారు. ఎంత మర్యాదస్తుడో!"

ఎస్తేరు పలక ఆయన ముందు పెట్టింది. వీరరాఘవులు చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు.

"జల్లెడ దాటని మాట సాక్ష్యానికి పనికిరాదమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి. "పైగా ఇంకో పది నిమిషాల్లో ఆఫీసరుగారు... ఇది రేపు చూద్దాం."

"రేపటికి వాడి చేతులకి ఏమవుతుంది? నాలుగున్నరకి సూచీ వెళ్తుంది. కొట్లాటకి ఇద్దరికీ వేసిన కోత ఇవాళ్టి సూచీలోనే వాళ్ల ఇళ్లకి చేరుతుందని మీకు తెలీదా?"

"ఎస్తేరూ, బడి పేరు..."

"బడికి పేరెందుకు మాస్టారూ, పిల్లలు లేకపోయాక?"

ఆమె ఉత్తర్వు లాక్కుంది. సంతకం చోట పెద్ద అక్షరాలతో రాసింది. 'సంతకం చెయ్యను. ఈ కొట్లాటకి కారణం నేను, మన జల్లెడ.' తర్వాత నీలోఫర్‌ని ఆఫీసరు కోసం వేసిన కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆయన వస్తాడు. నోటితో చెప్పు. గట్టిగా చెప్పు. విన్నానని ఆయన అనేదాకా ఆ కుర్చీలోంచి లేవకు."

"చాడీ అంటారేమో టీచర్?"

"అననీ. మళ్లీ చెప్పు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న సోమమ్మ అప్పటికే స్కూటరు తీసింది. "పోలీసులకి ఫోన్ కొట్టాను మేడంగారూ, వస్తన్నారంట. ఎక్కండి! ఈ బళ్లో నేనొక్కదాన్నే ఆ దిక్కుమాలిన పలక ముట్టుకోలేదు, నా నోరింకా పనిచేస్తంది."

నాలుగూ ఇరవై ఐదుకి చిలకలపూడి వీధిలో శ్రీపతి ఇంటి ముందు దిగారు. తలుపు తీసిన మనిషి చేతులు జోడించాడు. మడత నలగని తెల్లచొక్కా.

"రండి రండి మేడం! మీరే స్వయంగా వచ్చారే! మావాడి నడత గురించి నేనే మిమ్మల్ని కలుద్దామనుకుంటున్నాను."

"తప్పుకోండి," అంది ఎస్తేరు.

ఆయన మర్యాదగా నవ్వుతూ అడ్డంగానే నిలబడ్డాడు. సోమమ్మ భుజం పెట్టి ఒక్క తోపు తోసింది. "తప్పుకోమంటే అర్థం కాదూ? వీధంతా కేకేసి పిలవనా?"

లోపలి గదిలో మంచం మీద గగన్ కూర్చుని ఉన్నాడు. నుదుటికి కట్టు. సెలవులో ఉన్నా చేతులకి వేలితొడుగులు ఉన్నాయి. టీచర్ని చూడగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఎస్తేరు నేల మీద, వాడి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"నీలోఫర్ నిన్ను వెక్కిరించలేదు నాన్నా. నిన్ను కాపాడమని నాకు రాసింది. తప్పు చదివింది నేను. ఒక్కసారి చేతులు చూపించు."

చాలాసేపటికి చేతులు ముందుకొచ్చాయి. తొడుగు అంగుళం అంగుళం తీస్తుంటే వాడు పళ్లు బిగించాడు. మానినవీ, మాననివీ, వరసగా మచ్చలు. గుమ్మంలో సోమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఇదంతా భరించావా? నాకొక్క మాట ఎందుకు చెప్పలేదురా?"

గగన్ ఆమెని వింతగా చూశాడు. గొంతు వాడకం మర్చిపోయినవాడిలా, మాట కోసం వెతుక్కున్నాడు.

"రాశాను టీచర్. తొమ్మిదిసార్లు రాశాను. రాసినప్పుడల్లా చాడీ అని సూచీ తగ్గింది." వాడి చూపు గుమ్మం దాటి తండ్రి మీద పడి, మళ్లీ అరచేతుల మీదకి దిగింది. "అందుకే మానేశాను."