కోటుకి నేను చెప్పిన అర్థం

కొచ్‌కోర్ సంతలో టుర్దాలీ దుకాణం ఎక్కడా అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఆ టుర్దాలీని నేనే. ఉన్ని తివాచీలు అమ్ముతాను. తివాచీ ఎవరైనా అమ్ముతారు లెండి, నేను మాత్రం దాని మీది బొమ్మకి అర్థం కూడా కట్టి ఇస్తాను. ఈ మెలిక ఏమిటండీ అంటే పొట్టేలు కొమ్ము, ఇంటికి సిరి అంటాను. అంతవరకూ నిజమే. మరి ఈ ఎర్ర చుక్క? అది కుట్టేటప్పుడు మా ఆవిడ సూది విరిగి దారం ముడిపడిన చోటు. అయినా సరే, "దారి కాచే తల్లి కన్ను" అంటాను. వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడి మాటకి అంత విలువ వస్తే ఎంత హాయిగా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఆ హాయే నా కొంప ముంచింది.

మా తమ్ముడు ఎసెన్ కూతురు సైకాల్‌కి పదిహేనేళ్ళు. తమ్ముడు కొండ మీది గని నుంచి బొగ్గు లారీ తోలుతాడు. మరదలు రాజధాని బిష్కెక్‌లో కుట్టుపనికి వెళ్ళింది. పిల్లా, మా అమ్మా ఒక ఇంట్లో ఉంటారు. అదే పెరట్లో రెండో ఇల్లు నాది. సైకాల్‌కి దారికా అనే పాటగత్తె అంటే ప్రాణం. దారికా కొత్త పాట వీడియో వస్తే చాలు, దేశమంతా ఉన్న అభిమానులు ఫోన్లలో గుంపుగా చేరి, ఒక్కొక్క బొమ్మనీ ఆపి ఆపి చూసి, దీని భావమేమిటి, దాని భావమేమిటి అని కొట్టుకు చస్తారు. సైకాల్ గుంపులో నాలుగు వేలమంది.

ఆ శీతాకాలం వచ్చిన పాటలో మాటలు తక్కువ. ఒక గుడారం. తలుపుకి ఎదురుగా, ఇంటి పెద్ద కూర్చునే చోట, ఒక కర్రకి తొడిగిన మగవాడి కోటు, పైన బొచ్చు టోపీ. దారికా తలుపుకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని పాడుతుంది. బయట తోక కత్తిరించిన గుర్రం, దాని మీద వెనక్కి తిప్పి కట్టిన జీను. అంతే.

"పెదనాన్నా, నీకు తెలియని గుర్తు ఉండదు కదా! మావాళ్ళకి నువ్వే చెప్పాలి," అని ఫోను నా మొహం ముందు పెట్టింది సైకాల్.

నాకు ఏమీ తెలియదు. చిన్నప్పుడు మా అమ్మ ఏదో కోటు సంగతి చెప్పినట్టు లీలగా గుర్తు, ఏమిటో గుర్తు లేదు. తెలియదు అనొచ్చు. నాలుగక్షరాలు ఎక్కువేం కాదు. కానీ నాలుగు వేలమంది!

"ఇది మన తాతముత్తాతల ఆచారం తల్లీ," అని మొదలెట్టాను. "దూరాన ఉన్నవాణ్ణి ఇంటికి రప్పించే పద్ధతి. వాడి కోటు వాడి చోట నిలబెట్టి, గోడ వైపు తిరిగి వాడి పేరు పాడితే, ఎక్కడున్నా బయలుదేరి వస్తాడు. జీను వెనక్కి ఉందంటే ఇంటిముఖం పట్టాడని. తోక ఎందుకు కోశారంటావా? బరువు తగ్గి తొందరగా రావడానికి!"

పిల్ల పకపకా నవ్వి, ఫోనులో పట్టిన నా మాటలు గుంపులో పెట్టేసింది. గుంపులో పువ్వులే పువ్వులు. ఎవరో ముసలావిడ మాత్రం, "అయ్యా, ఇది తుల్ కదా?" అని రాసింది.

మావైపు తుల్ అంటే విధవ. నేను ఊరుకోవచ్చుగా! "అమ్మా, పెళ్ళే కాని పిల్లలో మీకు విధవ ఎక్కడ కనబడింది? ముందు కళ్ళజోడు మార్పించుకోండి," అన్నాను. వందలమంది పడిపడి నవ్వారు. ఆవిడ మళ్ళీ ఏమీ రాయలేదు.

వారం తిరిగేసరికి మంచు పట్టుకుంది. గని నుంచి కిందికి రావలసిన ఎసెన్ కనుమ దగ్గర చిక్కుకుపోయాడన్నారు. తర్వాత ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. రెండు రోజులు వాడి సంగతి లేదు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం, పిల్లకి ధైర్యం చెబుదామని పెరడు దాటాను. మధ్యాహ్నమని గడియారం చెబితే తెలియాలి గానీ, ఆకాశం లేదు, నేల లేదు, అంతా ఒకటే తెలుపు. నా అడుగు నాకే వినపడటం లేదు.

తలుపు తోశాను. మొదట వాసన తగిలింది. తడిసిన గొర్రెతోలు, డీజిలు, బొగ్గు పొడి... లారీ దిగి ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఎసెన్ తెచ్చే వాసన. వచ్చేశాడురా నాయనా అనుకుని గుండె ఎగిరి గంతేసింది. గుమ్మం దగ్గర వాడి బూట్ల కోసం చూశాను.

బూట్లు లేవు.

లోపలి గదిలో సన్నగా పాట. దారికా పాట కాదు. మాటలు సైకాల్‌వే. "నాన్నా, నీ చోటు ఖాళీగా ఉంది, నాన్నా, నీ టీ చల్లారిపోతోంది..." రాగం మాత్రం ఎక్కడో విన్నాను. మా నాన్న పోయిన రోజు మా అక్కలు ఈ రాగమే తీశారు.

పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంది. తలుపుకి ఎదురుగా, ఎసెన్ కూర్చునే చోట, వాడి పాత గొర్రెతోలు కోటు. లోపల చీపురుకర్ర. పైన టోపీ.

"సైకాల్..." 

"ష్... పెదనాన్నా. గట్టిగా మాట్లాడకు." తల తిప్పలేదు. "నువ్వు చెప్పింది నిజమే. నాన్న వచ్చాడు."

"ఎక్కడమ్మా?"

"నా వెనకాల. ఊపిరి వినబడటం లేదూ?"

విన్నాను. పొయ్యిలో బొగ్గు చిటపటలు. కిటికీకి మంచు రాసుకునే చప్పుడు. ఇంకేం లేదు. ఇంకేం లేదు... ఉందా?

కోటు భుజాల మీద మంచు. కొత్త మంచు. మూడు వారాలుగా వంకెకి వేలాడిన కోటు అది. పొయ్యి పక్కనే ఉన్నా ఆ మంచు కరగడం లేదు. ఒక అంచు మాత్రం కరిగి, బొట్టు... బొట్టు... తివాచీ మీద పడుతోంది. నా దుకాణం తివాచీ.

తీసేద్దామని చెయ్యి పట్టుకున్నాను. కోటు చెయ్యి. ఖాళీగా ఉండాలి.

ఖాళీగా లేదు.

చీపురుకర్ర నడిమధ్యలో ఉంది. చేతుల్లోకి కర్ర పెట్టలేదు. నేను పట్టుకున్నది మోచెయ్యి. గడ్డకట్టిన మోచెయ్యి... అది మెల్లగా వంగింది.

నేను అరిచానో లేదో నాకు తెలియదు. మా అమ్మ మాత్రం పక్కగదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎనభై మూడేళ్ళ మనిషి, చెవులు సరిగా వినబడవు. కోటు చూసింది, గోడ వైపు తిరిగిన మనవరాల్ని చూసింది. చేతిలో టీ గిన్నె జారి పగిలింది.

"ఎవరు పెట్టమన్నారు దీన్ని?"

"పెదనాన్న చెప్పాడు నానమ్మా. నాన్న రావడానికి."

"ఒరేయ్ టుర్దాలీ." అమ్మ నా చెవి దగ్గరకి వచ్చి గుసగుసగా అంది. "తుల్ అంటే ఇప్పుడు మీకు విధవ. మా అమ్మమ్మల కాలంలో తుల్ అంటే ఇదిరా. మగవాడు చచ్చిపోతే, వాడి బట్టలు వాడి చోట నిలబెట్టి, ఏడాదిపాటు ఆడవాళ్ళు దానికి ఏడ్చేవాళ్ళు. వాడి గుర్రం తోకే కోసేవాళ్ళు, వాడి జీనే వెనక్కి తిప్పేవాళ్ళు. బతికున్న తమ్ముడికి తుల్ పెట్టించావా?"

పిల్ల అప్పుడు ఇటు తిరిగింది. నాకేసి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది. "నువ్వు తెలుసన్నావు కదా పెదనాన్నా?" అంది. అంతే.

కర్ర నా చేతే విరిపించింది అమ్మ. ఎండిన కర్ర. రెండు ముక్కలయింది గానీ చప్పుడు రాలేదు. కోటు మడిచి పెట్టెలో పెట్టాం. పోయిన పెద్దలకి వాసన చేరి శాంతించాలని అమ్మ మూకుడులో నూనె పోసి పిండి ముక్కలు వేయించడం మొదలెట్టింది. నూనె పొగ ఇల్లంతా కమ్మేసినా, కింద నుంచి ఆ డీజిలు వాసన వస్తూనే ఉంది.

"ఇది చాలదు," అంది అమ్మ. "ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు. తెలియక వాగాను, నాది అబద్ధం అని నీ నోటితో అను. ఆ మాట నిలిచి ఉన్నంతసేపూ ఇదీ నిలిచే ఉంటుంది."

మూడు గంటలకి ఫోన్లు వచ్చాయి. గుంపు తెరిచాను. ఓష్ నుంచి, తలాస్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఫొటోలు. పొరుగు దేశాల్లో కూలికి పోయిన అన్నలవి, నాన్నలవి, మొగుళ్ళవి... కోట్లు. తలుపుకి ఎదురుగా నిలబెట్టినవి. "తాతగారు చెప్పినట్టే చేశాం" అని కింద రాతలు.

సైకాల్ ఫోను నాకేసి పట్టుకుంది. "చెప్పు పెదనాన్నా," అంది.

ఇప్పుడు రాస్తుంటే కూడా తల ఎత్తలేకపోతున్నాను. తమ్ముడి ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు ఉంటే ఆలోచించాల్సిన పని ఏముంది? నేను ఆలోచించాను. గొంతు సవరించుకుని, "బాబూ, ఆ ఆచారం గురించి కొందరు పెద్దలు వేరేగా చెబుతున్నారు. ఎందుకైనా మంచిది, కోట్లు తీసేయండి," అన్నాను. అబద్ధం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ ముసలావిడకి క్షమాపణ కూడా చెప్పలేదు.

సైకాల్ ఫోను దించేసింది. "అంతేనా?" అంది. 

"అర్థమవుతుందిలే వాళ్ళకి," అన్నాను.

వెలుగు పోకముందే పెరట్లో కుక్క మొరిగింది. తలుపు తెరుచుకుంది. ఎసెన్! మొహమంతా మంచు, పెదాలు నీలంగా. పిల్ల పరుగెత్తి పొట్టకి కరుచుకుంది. అమ్మ వాడి చెంపలు తడిమి తడిమి చూసింది. వెచ్చగానే ఉన్నాడు. నేనైతే సిగ్గు విడిచి ఏడ్చేశాను.

"ఏమైందిరా?"

"ఏమోనన్నా. మధ్యాహ్నం లారీలో కునికిపాటు పడుతుంటే సైకాల్ పిలిచినట్టయింది. దిగి నడిచాను. ఎంత దూరం పోయానో తెలియదు, మోకాళ్ళ లోతు మంచు. హఠాత్తుగా ఎవరో మోచెయ్యి పట్టుకుని లాగారు. చూస్తే లారీ పక్కనే ఉన్నాను. తర్వాత దారి తెరిచారు."

అమ్మ వేడి టీ పోసింది. "పోరా, నీ చోట్లో కూర్చో. చలికి చచ్చుంటావు," అంది.

వాడు కదల్లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, తలుపుకి ఎదురుగా ఉన్న ఖాళీ పరుపు వైపు చూస్తున్నాడు. తర్వాత నా దగ్గరకి వంగి, అతిథి వినకుండా అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"అన్నా... నా చోట్లో కూర్చున్నదెవరు?"

"ఎవరూ లేర్రా," అన్నాను నేను.

సైకాల్ మా ఇద్దరి మొహాలూ చూసింది. అటు తిరిగి ఒక్క క్షణం చూసింది. లేచి అలమరలోంచి ఇంకొక టీ గిన్నె తీసింది.