పటిక చెయ్యి

“ఏవండీ, ఆ గొలుసులు కాస్త అవతలకి జరుపుకోండి. మీ మెరుపులు నా చీరల మీద పడుతున్నాయి.”

“పడితే చీర కాలిపోద్దా?”

“కొనేవాళ్ల కళ్లు అటు పోతున్నాయి. అదీ నా బాధ.”

“కళ్లు వాళ్లవి. నన్నేం చెయ్యమంటారు?”

గవర్నర్‌పేటలో మూతబడిన ఒక లాడ్జీ ముందు అరుగు అది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీడ ఉండేది ఎనిమిది అడుగుల మేర. ఆ ఎనిమిది అడుగుల కోసం 1974 ఏప్రిల్‌లో ప్రతి శనివారం ఇద్దరు మనుషులు కొట్లాడుకున్నారు.

ఒకరు మార్త. పెడన పిల్ల. తండ్రి ఇశ్రాయేలు చెక్క అచ్చులతో చీరల మీద పువ్వులు అద్దుతాడు. కూతురు అంతకన్నా బాగా అద్దుతుంది, ఆ సంగతి తండ్రే చెబుతాడు. రెండోవాడు భానుమూర్తి. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేస్తాడు. రేకు కత్తిరించే కత్తెర ఎప్పుడో అతని కుడిచేతి ఉంగరపు వేలు కొస ఎగరగొట్టింది. ఆ పొట్టివేలితోనే జుంకాలకి ముత్యాలు గుచ్చుతాడు. ఇద్దరూ బందరు ప్యాసింజర్‌లోనే వచ్చేవారు. పెట్టెలు మాత్రం వేరు.

ఎదురుగా మల్లికార్జునరావు గారి షోరూము. ఆయన చేత్తో చేసింది ఏదీ లేదు, క్యాష్ బాక్సు మూత తీయడం తప్ప. చేసేవాళ్లు ఎండలో, చేయనివాడు ఫ్యాను కింద. దాన్ని వ్యాపారం అంటారట. అనుకోనివ్వండి.

ఆయన ప్రతి శనివారం ఒకసారి రోడ్డు దాటి వచ్చేవాడు.

“అమ్మాయ్, ఎందుకీ అవస్థ? ఇంటి దగ్గర కూర్చుని అద్ది పంపించు. మా లేబుల్ వేసి మేం అమ్ముకుంటాం.”

“మా పేరు ఎక్కడ వేస్తారండీ?”

“పేరెందుకమ్మా? చీర కట్టుకునే వాళ్లు పేరు కట్టుకుంటారా?”

మార్తకి ఒళ్లు మండింది. ఇశ్రాయేలుకి మాత్రం ఆ మాట పట్టుకుంది. మోకాళ్ల నొప్పులతో రైలెక్కలేకపోతున్నాడు. “ఈసారి ఎగ్జిబిషన్‌లో స్టాలు వస్తే నీ ఇష్టం. రాకపోతే ఆయనకే ఒప్పుకుందాం” అన్నాడు.

మే నెలలో మహిళామండలి వాళ్ల ఎగ్జిబిషన్. దాని సెక్రటరీ రమాసుందరి గారు, కాలేజీలో లెక్చరరు. ఆవిడ ఒక శనివారం రిక్షా దిగి అరుగు దగ్గరికి వచ్చింది.

“మిగిలింది ఒక్క స్టాలు. అప్లికేషన్లు మీ ఇద్దరివీ ఉన్నాయి. వచ్చే శుక్రవారం మీ చేత్తో చేసిన వాటిలో మంచిది ఒక్కటి పట్టుకురండి. చూసి ఇస్తాను. కొనుక్కొచ్చి చూపిస్తే మాత్రం ఊరుకోను.”

ఆవిడ వెళ్లగానే భానుమూర్తి నవ్వాడు. “ఇన్నాళ్లూ ఎనిమిది అడుగులు. ఇప్పుడు స్టాలు. మనిద్దరికీ ఎప్పుడూ ఒక్కటే దొరుకుద్దేంటండీ?”

“మీరు పక్కన లేకపోతే నాకు రెండు దొరికేవి.”

మార్తకి ఇంకో చిక్కు ఉంది. కొనేవాళ్లు చీర తిరగేసి, “మిషన్ ప్రింటే కదా” అనేవారు. ఆ మాట పడలేక ఆ రోజు అరుగు మీదే పీట వేసుకుని అందరి ముందూ అద్దడం మొదలుపెట్టింది. ఎగ్జిబిషన్ కోసం పెట్టుకున్న చీర అది. నల్లగీతలు ఇంటి దగ్గరే అయిపోయాయి. పైట కొంగులో ఎర్రపువ్వులు రావాల్సిన చోట పటిక నీళ్లతో అచ్చు వేస్తోంది.

జనం మూగారు. భానుమూర్తి తల దూర్చాడు.

“ఏం వేస్తున్నారు? ఏం కనపడటం లేదే.”

“పటిక. ఇప్పుడు కనపడదు.”

“పటిక మా దగ్గరా ఉంది” అని తన డబ్బా చూపించాడు. ఎవరైనా నల్లబడ్డ గొలుసు తెస్తే, ఆ డబ్బాలో పటిక నీళ్లలో ముంచి తోమి ఇస్తాడు. పొద్దున్నుంచి అతని చేతులు ఆ నీళ్లలోనే నానుతున్నాయి.

“మీది మురికి పోగొట్టడానికి. మాది రంగు పట్టడానికి. రెండూ ఒకటేనా?” అంది మార్త.

అప్పుడు వచ్చింది వాన. ఏప్రిల్‌లో ఎవరు పిలిచారో తెలీదు. ముందు దుమ్ము లేచింది, తర్వాత పావలా కాసంత చినుకులు పడ్డాయి. జనం చెల్లాచెదురయ్యారు. మార్త అచ్చులు ఏరుకునేలోపు భానుమూర్తి తన గొలుసుల్ని వానకి వదిలేసి, కుడి అరచేత్తో కొంగు ఎత్తిపట్టి ఆమె చీరని లాడ్జీ తలుపు వారకి లాగాడు.

ఇద్దరూ తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. మధ్యలో ఆరు గజాల చీర. అతని జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వాన వంక చూస్తున్నట్టు నటించి ఆమె అతన్ని చూసింది. అతనికి నటించడం కూడా రాదు, తిన్నగా చూశాడు.

“మీ గొలుసులు తడుస్తున్నాయి.”

“తడవనివ్వండి. రోల్డ్ గోల్డేగా.”

ఆమెకి నవ్వొచ్చింది. దాచుకుంది. సగమే దాగింది.

సోమవారం పెడనలో రాగి కాగులో ఎర్రరంగు చెక్క మరిగింది. చీర అందులో ముంచి, కర్రతో తిప్పి, గంట తర్వాత పైకి తీశారు. పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టింది. పువ్వులు నిప్పుకణికల్లా ఉన్నాయి. కొంగు విప్పేసరికి ఇశ్రాయేలు చేతిలో కర్ర ఆగింది.

పువ్వుల మధ్య ఎర్రగా, నిండుగా, ఒక అరచెయ్యి. అయిదు వేళ్లు. ఉంగరపు వేలు పొట్టిది.

మార్త చీర దండెం మీద ఆరేసింది. తర్వాత పోస్టుకార్డు తీసుకుని ఒక్క ముక్క రాసింది: ‘మీ కుడిచెయ్యి తీసుకుని బుధవారం పెడన రండి. మార్త.’

మర్నాడు చిలకలపూడిలో ఆ కార్డుని ముందు పోస్ట్‌మాన్ చదివాడు. తర్వాత భానుమూర్తి తల్లి సంపూర్ణమ్మ చదివింది. ఆ తర్వాతే అది భానుమూర్తి చేతికి వచ్చింది.

“ఇదేం ఉత్తరం రా? ఎవరీ పిల్ల?”

“పక్కన కూర్చుంటదిలే అమ్మా.”

“చెయ్యి తీసుకురమ్మంటంది. పక్కన కూర్చునే పిల్ల చేత్తో ఏం చేసుకుద్ది?”

భానుమూర్తికీ అలాగే అర్థమైంది, పెళ్లిమాటేనని. తలంటుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. శుక్రవారం చూపించాల్సిన జుంకాల జత జేబులో పెట్టుకున్నాడు. పెడన స్టేషన్‌లో దిగేటప్పటికి గుండె రైలుకన్నా గట్టిగా కొట్టుకుంటోంది.

ఇశ్రాయేలు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. మార్త బల్ల మీద చీర పరిచి నిలబడింది.

“చెయ్యి పెట్టండి.”

“మీ నాన్నగారి ముందేనా?”

“పెట్టండి.”

అప్పుడు చూశాడు చీరని. చెయ్యి తీసుకెళ్లి ఎర్రచెయ్యి మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది. పొట్టివేలితో సహా.

“నాదే” అన్నాడు.

“స్టాలు కోసం ఇంత పని చేస్తారా?”

“ఏం పని?”

“పటిక చేత్తో నా కొంగు పట్టుకున్నారు. నేను చెబుతూనే ఉన్నాను, పటికకే రంగు పడుద్దని.”

భానుమూర్తి మొహం పాలిపోయింది. “వానలో అదంతా గుర్తుంటుందా మార్త గారూ? రోజూ ఆ నీళ్లలోనే ఉంటాయి నా చేతులు. మా గోడలు పట్టుకుంటాను, మా అమ్మ కొంగుకి తుడుచుకుంటాను. ఎక్కడా ఎర్రబడలేదే.”

“ఉడకబెట్టలేదు గనక” అన్నాడు ఇశ్రాయేలు. “పిల్లోడు అబద్ధమాడటం లేదే. దొంగచేత్తో పట్టుకున్నోడు ఇంత నిండుగా పట్టుకోడు.”

“నువ్వూరుకో నాన్నా.”

“మరయితే ఇది పోదా అండీ?” అడిగాడు భానుమూర్తి.

“నలభై ఏళ్లలో నాకు పోయింది లేదు.”

“ఇంకో చీర?”

“కరక్కాయ పెట్టాలి, నలుపు వెయ్యాలి, పటిక వెయ్యాలి, ఆరాలి. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకాలి. రేపు సాయంత్రానికి కాలవ కట్టేస్తున్నారు. మళ్లీ జూన్‌కే నీళ్లు” అంది మార్త.

అతను జేబులోంచి జుంకాలు తీసి బల్ల మీద పెట్టాడు. “నేనివి చూపించను. స్టాలు మీకే ఇమ్మని రమాసుందరి గారికి చెప్తాను.”

“చీర చూడకుండా ఇస్తే తీసుకోడానికి నేనేమన్నా ముష్టికి వచ్చానా? తీసెయ్యండి అవి.” తండ్రివైపు తిరిగింది. “నాన్నా, మల్లికార్జునరావు గారికి కబురు పెట్టు. ఒప్పుకున్నామని చెప్పు.”

“ఆ మాట అనకండి” అన్నాడు భానుమూర్తి.

“మీకేం? అరుగంతా మీదేగా ఇంక.”

“మీరు కూర్చోని ఎనిమిది అడుగులు నేనేం చేసుకోను?”

కాగు కింద పుల్ల ఒకటి చిటపటలాడింది. ఇశ్రాయేలు ఉన్నట్టుండి బీడీ వెతుక్కోవడంలో పడ్డాడు. అది అతని చెవి మీదే ఉంది.

మార్త అతని వంక చూసింది. ఇస్త్రీ చొక్కా చూసింది. తలంటిన జుట్టు చూసింది. పోస్టుకార్డులో తను రాసిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. చెవులదాకా వేడి పాకింది.

పటిక కుండ దగ్గరికి వెళ్లి కుడిచెయ్యి ముంచింది. తిరిగొచ్చి ఎర్రచెయ్యి పక్కనే అరచెయ్యి ఆనించి, గట్టిగా నొక్కి తీసింది.

భానుమూర్తి వంగి చూశాడు. “ఏం కనపడటం లేదే.”

“రేపు ఉడికాక చూసుకోండి.”

“నాకిప్పుడే తెలియాలి.”

“తొందరపెడితే పటిక వినదు. పొద్దున్నే రండి. పుల్లలు ఎగదోసే మనిషి కావాలి.”

గురువారం మొదటి బండికే దిగాడు. పొగకి కళ్లు మండుతుంటే రెండు గంటలు కాగు కింద పుల్లలు ఎగదోశాడు. ఎగ్జిబిషన్ సంగతి అప్పుడతనికి గుర్తు కూడా లేదు. సాయంత్రానికి ఎగువన లాకులు దించేశారు. నడుములోతు కాలవ మోకాలులోతుకి దిగింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని నీళ్లలో దిగారు. జాడించి విప్పారు. నీళ్ల మీద కొంగు తెరుచుకుంది.

పెద్దచేతి పక్కన చిన్నచెయ్యి. అదే ఎరుపు.

“చూశారా?” అంది మార్త, నీళ్లవంక చూస్తూ.

“చూశాను.”

“చదవడం వచ్చా?”

“మెట్రిక్ ఫెయిలు. ఇది మాత్రం వచ్చింది.”

అతను నవ్వాడు. ఈసారి ఆమె నవ్వు దాచుకోలేదు.

శుక్రవారం బందరు ప్యాసింజర్‌లో ఇద్దరూ ఒకే పెట్టెలో వచ్చారు. ఒకే పెట్టె అంటే మధ్యలో సంపూర్ణమ్మ. కార్డు రాసిన పిల్లని చూడాల్సిందేనని ఆవిడ కూడా బయల్దేరింది.

రమాసుందరి గారు అరుగు దగ్గరే టేబుల్ వేయించి దాని మీద చీర పరిపించుకుంది. రోడ్డవతల నుంచి మల్లికార్జునరావు కూడా వచ్చి నిలబడ్డాడు.

“పని బాగుంది. కానీ కొంగులో ఇదేంటమ్మా, మచ్చలు?”

“పాడైన సరుకండీ అది” అన్నాడు మల్లికార్జునరావు. “మా లేబుల్ కింద అయితే ఇలాంటిది బయటికి రానివ్వం.”

“నిజమే రానివ్వరు” అన్నాడు భానుమూర్తి. “మీ లేబుల్ కింద చేతులు కనపడకూడదుగా. మేడమ్, ప్రతి శనివారం ఈమెని మిషన్ ప్రింటా అని అడుగుతారండి జనం. ఇది గోడకి తగిలిస్తే ఇంక ఎవరూ అడగరు.”

రమాసుందరి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. పక్కన పెట్టిన జుంకాలు చూసింది. “రెండూ బాగున్నాయయ్యా. ఒకటే స్టాలు. ఎవరి పేరు రాయను?”

“చేతులు రెండున్నాయి కదండీ” అంది మార్త. “పేర్లూ రెండు రాయండి.”

ఆవిడ రాసింది. మల్లికార్జునరావు ఫ్యాను గుర్తొచ్చినట్టు రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

సంపూర్ణమ్మ ఇదేదీ వినలేదు. కొంగు ముందు కూర్చుని ఎర్రచేతిని వేలితో తడుముతోంది.

“ఈ పొట్టివేలు నా కొడుకుది. వీడు పొరపాటున పెట్టాడంటన్నాడు. పక్కది నీదా?”

“నాదేనండీ.”

“అది కూడా పొరపాటేనా?”

భానుమూర్తి టేబుల్ మీది జుంకాలు అటూ ఇటూ జరిపాడు.

“కాదండీ” అంది మార్త. “అది కావాలనే పెట్టాను.”

సంపూర్ణమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. “మీరు చర్చికి పోతారు కదూ?”

“పోతామండి.”

“ఏ రోజు?”

“ఆదివారం.”

“అయితే శనివారం అమ్మకానికి అడ్డం లేదు” అంది ఆవిడ.

తర్వాత తన జేనతో చీర మీది చిన్నచేతి వెడల్పు కొలిచింది. అలా చేతులు కొలిచే ఆవిడ ముప్ఫై ఏళ్లుగా చిలకలపూడిలో గాజులు అమ్ముతోంది. సంచిలోంచి రెండు జతలు తీసి, ఒకటి లోపల పడేసి, ఒకటి ఉంచుకుంది.

“చెయ్యి ఇటివ్వు. తడిచెయ్యి ఇవ్వకు, మళ్లీ ఎక్కడన్నా అంటించేవు.”

గాజులు ఎక్కడా ఆగకుండా ఎక్కాయి.